ధాత్రి పుట్టినరోజుకి హాస్టల్ కథ

నా తమ్ముడు రవికాంత్ జీవితంలో మొదటిసారి నన్నొక పుస్తకం అడిగాడు. అడిగింది తన కోసం కాదు, కూతురి కోసం. అయినా నేను పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొంగిపోవడం మీదే నాకు ఒళ్ళు మండుతుంది.

మా చుట్టాల పిల్లలందరికీ పుస్తకాల అత్తంటే నేనే. పేరు హైమవతి. పని పంజాగుట్టలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో, ఉండేది యూసుఫ్‌గూడలో ఒక అద్దె వాటాలో. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకో చెప్పుకుంటూ కూర్చునే ఓపిక కూడా లేదు. ఎవరి పిల్లల పుట్టినరోజైనా నేను పుస్తకమే పట్టుకెళ్తాను. "మళ్ళీ పుస్తకమేనా హైమా?" అని మూతి విరిచే పెద్దవాళ్ళని నేను లెక్కచెయ్యను. వాళ్ళ పిల్లలు నా చేతిసంచీలోకి తొంగిచూస్తారు కదా, నాకది చాలు.

పుస్తకం కొనివ్వడం తేలికనుకుంటారు జనం. చిన్నపిల్లలకి తేలికే, బొమ్మలుంటే చాలు. పెద్దవాళ్ళకి ఇంకా తేలిక, ఎలాగూ చదవరు. చిక్కంతా పదేళ్ళు దాటి పదమూడు రానివాళ్ళతోనే. ఈ పుస్తకం తమకి కథ చెబుతోందా, పాఠం చెబుతోందా అన్నది వాళ్ళు రెండో పేజీలోనే పసిగట్టేస్తారు. పాఠమని తెలిసిందా, ఇక దాని మొహం చూడరు. కథలో అమ్మానాన్నలు కాసేపు పక్కకి తప్పుకోవాలి. పిల్లలు ఏదో ఒక పిచ్చిపని చెయ్యాలి, అందులోంచి వాళ్ళే బయటపడాలి. చివర్న ఎవరూ వచ్చి నీతి చెప్పకూడదు. అందుకే నేను మొదటి నుంచి చివరిదాకా చదవకుండా ఏ పుస్తకమూ ఏ పిల్లకీ ఇవ్వలేదు. చదువుతున్నంతసేపూ ఒకటే చూస్తాను, ఈ పుస్తకం పిల్ల దగ్గర్నుంచి ఏమైనా ఆశిస్తోందా అని. మార్కులో, మంచి బుద్ధులో, దేశభక్తో, ఏది ఆశించినా దాన్ని మళ్ళీ అలమారులోనే పెట్టేస్తాను.

ఈ విషయంలో నాకు తోడు దొరికింది ధాత్రి ఒక్కతే. రవికాంత్ కూతురు, అప్పుడు ఆరో తరగతి. వాళ్ళ ఫ్లాట్ అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల సందు వెనక. రవికాంత్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ మేనేజరు, నా మరదలు రత్నమాల బ్యాంకులో. పిల్ల బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుని, తనే పాలు కాచుకుని, నా ఆఫీసుకి ఫోన్ చేసేది. ఇంట్లో ఒక్కతే ఉండటానికి భయపడేది కాదు. పడుకునేటప్పుడు మాత్రం వాళ్ళమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. అదేం అలవాటని రవికాంత్ విసుక్కునేవాడు.

ఎవరిచ్చిన పుస్తకాన్నయినా ఆ పిల్ల అనుమానంగా తిప్పి చూసేది. నాదైతే మాత్రం అట్ట కూడా సరిగ్గా చూడకుండా చదవడం మొదలుపెట్టేది. ఒకసారి చదువుతూ నడుస్తూ మైత్రీవనం దగ్గర కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. నుదురు బొప్పి కట్టింది. "తప్పు స్తంభానిది కాదత్తా, నీది. అంత మంచి పుస్తకం ఎందుకిచ్చావ్?" అంది. నాకు ఏ ఇంక్రిమెంటూ అంత ఆనందాన్నివ్వలేదు.

అలాంటి పిల్లకి పుట్టినరోజు మార్చిలో. ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం రవికాంత్ ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"అక్కా, ధాత్రి బర్త్‌డేకి ఈసారి నేనో రిక్వెస్ట్ చేస్తాను, ఏమనుకోవు కదా? హాస్టల్లో ఉండే పిల్లల కథేదైనా చూస్తావా? బోర్డింగ్ స్కూలు, ఫ్రెండ్స్, అల్లరి, అట్లాంటిది."

"హాస్టల్ కథే ఎందుకురా?"

"క్లాసులో అందరూ అవే చదువుతున్నారట. జాలీగా ఉండాలక్కా. ఏడుపు గొట్టుది మాత్రం వద్దు, ప్లీజ్."

ఇంట్లో కథల పుస్తకం కనిపిస్తే దుమ్మని విసుక్కునే మనిషి, కూతురి క్లాసులో పిల్లలు ఏం చదువుతున్నారో కనుక్కున్నాడే అని మురిసిపోయాను. ఇన్నాళ్ళకి వీడికి పిల్ల కనిపించిందనుకున్నాను. చెవిలో పువ్వు పెడుతుంటే తల వంచి మరీ పెట్టించుకున్నాను.

అమీర్‌పేటలో పుస్తకాలకి కొదవేం లేదు. ఫుట్‌పాత్ నిండా గుట్టలే. కాకపోతే అన్నీ జావా, ఒరాకిల్, ఇంటర్వ్యూ ప్రశ్నలు. పిల్లల కథలు కావాలంటే నేను పంజాగుట్ట సందులో యేసురాజు షాపుకే వెళ్తాను. కొత్తవీ పాతవీ కలిపి అమ్ముతాడు. ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నా ఆయన నాకు అంటగట్టాలని చూసేది ఒకటే.

"అమ్మా, గీ సెట్టు జర చూడున్రి. అన్నీ కలర్ బొమ్మలే, మస్తుగుంటది. పిల్లలకి జనరల్ నాలెడ్జ్ సుత వస్తది."

"యేసురాజూ, అది తీసుకెళ్తే మా పిల్ల నాతో మాట్లాడదు."

"మీకు బుక్కు అమ్ముడు నాతోని కాదమ్మా. మీరే ఏరుకోన్రి, నేను ఛాయ్ చెప్పిస్త."

ఆఫీసయ్యాక రోజూ వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాను. హాస్టల్ కథలు చాలానే దొరికాయి, చాలావాటిలో హెడ్‌మిస్ట్రెస్ ఉపన్యాసాలే. చివరికి రెండు మిగిలాయి. మొదటిదాంట్లో ఒక పిల్ల కొత్తగా హాస్టల్లో చేరుతుంది. రెండు చాప్టర్లు దిండులో తల దాచుకుని ఏడుస్తూనే ఉంటుంది. అన్నం సయించదు. మెల్లగా, చాలా మెల్లగా, పక్క మంచం పిల్ల ఒక మాట మాట్లాడుతుంది. చదువుతూ నేను ఛాయ్ తాగడమే మర్చిపోయాను. రెండోది నలుగురు ఆడపిల్లల కథ. కొండ మీద హాస్టల్, అందరూ పడుకున్నాక దొంగచాటుగా జామకాయల విందు, టీచరు గొడుగు మాయం, తోటమాలి కుక్కని మంచం కింద దాచడం. అదీ బాగా రాసిందే, ఎక్కడా నీతి లేదు, నవ్వు ఆగదు.

నా ఇష్టానికి వదిలితే మొదటిదే కొనేదాన్ని. అది నిజం చెప్పే పుస్తకం. కానీ తమ్ముడు నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఏడుపు వద్దని. పుట్టినరోజు నాడు పిల్లని ఏడిపించడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకుని, దాన్ని అలమారులో పెట్టేసి కుక్క ఉన్న పుస్తకం కొన్నాను.

పుట్టినరోజు నాడు వాళ్ళ హాలు నిండా రవికాంత్ ఆఫీసు వాళ్ళు. బొమ్మల డబ్బాలు గుట్టగా పడ్డాయి. కేకు కోసిన కాసేపటికి పిల్ల కనపడలేదు. వెతికితే బట్టలారేసిన బాల్కనీలో, తడి దుప్పటి వెనక కూర్చుని నా పుస్తకంలో మునిగిపోయి ఉంది. రవికాంత్ వచ్చి చూసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "థాంక్స్ అక్కా" అన్నాడు. వాడు నాకు థాంక్స్ చెప్పడం కూడా అదే మొదటిసారి.

ఆ నెలంతా నా ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది. "అత్తా, కుక్క తుమ్మింది! వార్డెన్ వినేసింది!" అని ఒకరోజు. "ఆ గొడుగు ఎక్కడ దాచారో నేను ముందే కనిపెట్టేశా" అని ఇంకోరోజు. అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది.

"అత్తా, హాస్టల్ నిజంగా ఇట్లాగే ఉంటుందా?"

"ఏమోనే, నేనెప్పుడూ ఉండలేదు."

"నాన్న ఉన్నాడట కదా, ఇంటర్‌లో. భలే ఉండేదట."

నాకు నవ్వొచ్చింది. రవికాంత్‌ని గుంటూరులో ఇంటర్ హాస్టల్లో వేసినప్పుడు వాడు వారం కూడా ఉండలేకపోయాడు. అన్నం ముట్టడం లేదని కబురొచ్చింది. మగపిల్లాడు, వాడే సర్దుకుంటాడని నాన్న కదల్లేదు. నేనే వెళ్ళాను. పెట్టె సర్దుకుని గేటు పక్కన నిలబడి ఉన్నాడు. బస్సెక్కిన దగ్గర్నుంచి మా ఊరు తెనాలి వచ్చేదాకా నా భుజం తడిపేశాడు. ఆ సంగతి కూతురికి చెప్పుకోవడం నామోషీ అయ్యుంటుందిలే, గొప్పలు పోతున్నాడనుకున్నాను. వాడి పరువు తియ్యడం ఎందుకని నేను నోరు మెదపలేదు.

జూన్ మొదట్లో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. హాలు మధ్యలో కొత్త ట్రంకు పెట్టె. దాని మూత మీద తెల్ల పెయింటుతో ధాత్రి పేరు, కింద ఏడో తరగతి. పక్కన కొత్త బకెట్, మగ్గు, చుట్టిన పరుపు. రత్నమాల నేల మీద కూర్చుని తువ్వాళ్ళ అంచున పిల్ల పేరు కుడుతోంది.

"ఏంటిదంతా రత్నా?"

"రండి వదినా. రేపే జాయినింగ్. ఆయన చెప్పలేదా మీకు? ఐఐటీ ఫౌండేషన్, రెసిడెన్షియల్. ఊరవతల." దారం కొరికి తలెత్తింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "అంతా మీ చలవే వదినా. జనవరిలో సీటు తీసుకున్న దగ్గర్నుంచి మాకిదే బెంగ, ఇది చచ్చినా ఒప్పుకోదని. మీ పుస్తకం చదివాక తనే అడగడం మొదలెట్టింది, నన్నెప్పుడు పంపిస్తారని."

జనవరిలో సీటు. ఫిబ్రవరిలో నాకు ఫోన్. 

రత్నమాల పాపం నా మొహం చూడలేదు, సూదిలో దారం ఎక్కించుకుంటూ చెప్పుకుపోతోంది. "ఆయన కూడా భలే చెప్పారు వదినా. అత్త ఏ పుస్తకమూ ఊరికే ఇవ్వదమ్మా, నువ్వు హాస్టల్లో ఉంటే బాగుంటుందని అత్తకి అనిపించింది, అందుకే ఏరి ఏరి ఇది తెచ్చింది అన్నారు. అంతే. ఇక మారుమాట లేదు. మా మాటైతే వినేదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. రవికాంత్ బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నాడు. వెళ్ళి తలుపు మూసేశాను. కింద సందులో ఏదో డెమో క్లాసుకి వచ్చిన కుర్రాళ్ళు గేటు దాకా బారులు తీరి ఉన్నారు.

"నన్నెందుకు వాడుకున్నావురా?"

ఫోన్ పెట్టేశాడు. తడబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతానని సిద్ధంగానే ఉన్నాడు. "వాడుకోవడం ఏంటక్కా, పెద్ద మాట. పిల్లని కన్విన్స్ చెయ్యాలి కదా. నువ్వంటే దానికి గురి."

"కన్విన్స్ చెయ్యమని నన్నడిగావా?"

"అడిగితే చేసేదానివా?"

"చేసేదాన్ని కాదు."

"చూశావా మరి."

ఎంత తేలిగ్గా అనేశాడో! వాడే మళ్ళీ అందుకున్నాడు. "ఇద్దరం పొద్దున పోతే ఎప్పుడో గానీ రాం. ఖాళీ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మా టీమ్‌లో అందరూ ఇప్పట్నుంచే వేస్తున్నారక్కా, తర్వాతైతే సీటు కూడా దొరకదు. ఎలాగూ పంపాల్సిందే. ఏడుస్తూ వెళ్ళేకంటే నవ్వుతూ వెళ్తే మంచిది కాదా?"

"నువ్వు నవ్వుతూ ఉన్నావా గుంటూరులో? నిన్ను తీసుకొచ్చింది నేను. నా భుజం మీద నువ్వు ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. అది తెలిసి కూడా భలే ఉండేదని పిల్లకి చెప్పావే, నీకు సిగ్గెక్కడుందిరా?"

మొదటిసారి వాడి మొహం ఎర్రబడింది. "అప్పుడు నువ్వు రాకుండా ఉండుంటే నేను ఐఐటీలో ఉండేవాణ్ణేమో. ఎవరికి తెలుసు?" అన్నాడు.

నా చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. ఇన్నేళ్ళూ ఆ గేటు దగ్గర్నుంచి వాణ్ణి తీసుకురావడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటనుకున్నాను. వాడు దాన్ని నేను చేసిన నష్టం కింద దాచుకున్నాడు.

"నాకు అబద్ధం చెప్పావు, సరే, నేనేదో పడతాను. నా చేత దానికి అబద్ధం చెప్పించావు చూడు, అది నేను క్షమించను. ఇప్పుడే వెళ్ళి దానికంతా చెప్పేస్తాను."

"చెప్పు." వాడి గొంతు తగ్గింది. "చెప్పి ఏడిపించు. రేపు పొద్దున అది వెళ్ళడం మాత్రం ఆగదు. దాన్ని ఏడ్చుకుంటూ పంపిస్తావా, నవ్వుకుంటూ పంపిస్తావా, నీ ఇష్టమక్కా."

నేను తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాను. ధాత్రి తన గదిలోంచి పుస్తకం పట్టుకొచ్చి ట్రంకు పెట్టెలో యూనిఫాం మీద జాగ్రత్తగా సర్దుతోంది. నన్ను చూసి ఎగిరి వచ్చి నడుం చుట్టూ చేతులు వేసింది.

"అత్తా! మా హాస్టల్ దగ్గర కొండ లేదట. అయినా పర్లేదు. ఫ్రెండ్స్ ఉంటారు కదా. అమ్మకి చెప్పా, నాకేం భయం లేదు, అత్త ఆలోచించే ఇచ్చిందని."

పిల్ల తల మీదుగా రవికాంత్ నా వంక చూస్తున్నాడు. రత్నమాల సూది పట్టుకుని ఆగిపోయింది. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వాడు చెప్పింది అక్షరాలా నిజం. నేను నోరు విప్పితే పిల్ల ప్రయాణం ఆగదు, దాని ధైర్యం ఒక్కటే పోతుంది. ఆ ధైర్యం కూడా నా పేరు మీద ఇచ్చిందే. అంతకంటే పెద్ద వెన్నుపోటు ఇంకోటి ఉంటుందనుకోను. పొడిచినవాడు ఎదురుగా నిలబడి ఉంటే, నేను పిల్ల తల నిమురుతూ నవ్వాల్సి వచ్చింది.

"నచ్చకపోతే నాకు చెప్పవే" అన్నాను.

"ఎందుకు నచ్చదత్తా? నువ్వు చదివావుగా" అంది.

ఆరోజు నుంచి రవికాంత్‌తో మాట మానేశాను. వాడు ఫోన్ చేస్తే పెట్టేసేదాన్ని. జూలైలో పిల్లల్ని చూడనిచ్చే ఆదివారం వాళ్ళు కార్లో వెళ్తూ నన్నూ రమ్మన్నారట, రత్నమాల కబురు పెట్టింది. నేను రెండు బస్సులు మారి విడిగా వెళ్ళాను. వాళ్ళు పొద్దున వచ్చి వెళ్ళిపోయాక చేరుకునేట్టు బయల్దేరాను.

హాస్టల్ నాలుగంతస్తుల బిల్డింగు. ఆడుకునే చోటు లేదు. తల్లిదండ్రులందరూ సెల్లార్‌లో స్కూటర్ల పక్కన చాపలు పరుచుకుని క్యారియర్లు విప్పుతున్నారు. గేటు దగ్గర రుద్రమ్మ అని ఒక ఆయా సంచులు వెతుకుతోంది.

"తినేటియి ఒక్కటే పోనిస్తమమ్మా. ఫోన్లు, కథల పుస్తకాలు వద్దు. సార్లు నన్ను తిడ్తరు."

"తిండే" అన్నాను. క్యారియర్ కింద న్యూస్ పేపర్లో చుట్టిన పుస్తకం ఆమెకి కనపడలేదో, కనపడనట్టు ఊరుకుందో నాకు తెలీదు.

ధాత్రి మెట్లు దిగి వచ్చింది. పరుగెత్తలేదు. రెండు జడలు బిగించి, చెవుల మీదికి మడిచి కట్టారు. నా పక్కన కూర్చుని, నేను పెట్టిన పులిహోర తినసాగింది. అడిగినదానికల్లా సమాధానం చెప్పింది. గదిలో నలుగురు కాదు, హాలుకి ముప్ఫై మంది. తెల్లవారుజామునే స్టడీ. స్టడీలో మాట్లాడకూడదు, స్టడీ తర్వాత అందరికీ నిద్రొస్తుంది కాబట్టి మాట్లాడరు.

"పుస్తకం మొదటిరోజే గేటు దగ్గర తీసేసుకున్నారత్తా" అంది. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు.

ఇక ఆగలేకపోయాను. "ధాత్రీ, ఒక మాట విను. ఆ పుస్తకం మీ నాన్న అడిగితే కొన్నానే. హాస్టల్ కథే కావాలన్నాడు. నిన్నిక్కడ వెయ్యడానికని నాకు తెలీదు. ఒట్టు. తెలిస్తే దాన్ని కొనేదాన్నే కాదు. నువ్విక్కడ ఉంటే బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు."

నమలడం ఆపి విన్నది. నా కళ్ళలో నీళ్ళు చూసి, తన యూనిఫాం జేబులోంచి రుమాలు తీసి ఇచ్చింది.

"సరేలే అత్తా" అంది. పెద్దవాళ్ళు ఎదుటివాళ్ళని ఊరడించడానికి అంటారే, అలా అంది. నమ్మిందో లేదో ఆ గొంతులో నాకు దొరకలేదు.

అప్పుడు పేపరు విప్పి కొత్త పుస్తకం దాని ఒళ్ళో పెట్టాను. నెల రోజులు యేసురాజుని సతాయించి వెతికిన పుస్తకం. సముద్రం, చిన్న పడవ, దారి తప్పిన అన్నాచెల్లెళ్ళు. అందులో బడి లేదు, గోడ లేదు, గేటు లేదు. అలాంటిదే కావాలని వెతికాను. యేసురాజు కూడా ఈసారి జనరల్ నాలెడ్జ్ మాట ఎత్తలేదు.

"పరుపు కింద దాచుకోవే. ఎవరికీ చూపించకు. ఇది నేనే కొన్నాను, ఎవరూ చెప్పలేదు" అన్నాను.

తెరవలేదు. చేతులు తుడుచుకుని అట్ట మీది పడవనీ, దాని చుట్టూ ఉన్న నీళ్ళనీ చాలాసేపు చూసింది. ఆ పడవ ఎటు పోతోందో వేలితో గీసింది. తర్వాత తలెత్తి నన్నడిగింది.

"అత్తా, ఇది చదివాక నన్నెక్కడికి పంపిస్తారు?"

కోపంగా అడగలేదు. ఎత్తిపొడుపూ కాదు. ముందే తెలిస్తే సిద్ధంగా ఉండొచ్చని అడిగింది.